మట్టిముద్ద మీద అత్త వేలిగుర్తు

డిటెక్టివ్ నవలల్లో పోలీసులంటే నాకు మొదటినుంచీ పడదు. జీతం తీసుకుని దొంగను పట్టుకోవడంలో గొప్పేముంది? నాకు ఇష్టమైనవాళ్లు ఎవరూ పిలవకపోయినా తలదూర్చేవాళ్లు. మందుల షాపాయన, రిటైరైన పోస్టుమాస్టరు, ఎదురింటి కిటికీలో కూర్చునే ముసలమ్మ. వాళ్ల చేతిలో తుపాకీ ఉండదు, వెనక జీపు ఉండదు. రెండు కళ్లు, ఊరి సంగతులన్నీ కావాలనే దురద, అంతే. చివరి అధ్యాయంలో అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, అనుమానాన్ని ఒకరి మీంచి ఒకరి మీదికి తిప్పి తిప్పి, ఆఖరికి ఒకరి వైపు వేలు చూపిస్తారు చూడండి, ఆ పేజీ దగ్గర నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. బళ్లారి గాంధీనగర్‌లో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పుకునే నలభై ఏడేళ్ల టీచరమ్మకు ఇదేం పిచ్చి అని నవ్వేవాళ్లు నవ్వుకోండి. అది మా అత్త అంటించిన పిచ్చి.

అత్త అంటే మేనత్త, నాన్న చెల్లెలు. బళ్లారి జిల్లాలోని మా ఎమ్మిగనూరులో పుట్టి గుంతకల్లుకు కోడలిగా పోయింది. మామ రైల్వేలో పనిచేసేవాడు. ఆయన పోయాక, పిల్లాజెల్లా లేని మనిషి, ఒక ట్రంకుపెట్టెతో మా ఇంటికే తిరిగొచ్చింది. పెట్టెలో నాలుగు చీరలు, మిగిలినదంతా స్టేషన్‌లో కొన్న డిటెక్టివ్ పుస్తకాలు. మా ఇంట్లో మాటంతా తెలుగే, చదువంతా కన్నడమే. తెలుగు అక్షరాలు నేను నేర్చుకున్నది ఆ పుస్తకాల్లోనే. అందరూ అమ్మ, ఆవు అని మొదలుపెడితే నేను అనుమానం, ఆధారం, హంతకుడు అని మొదలుపెట్టాను.

అత్త కుడిచేతి చూపుడువేలు సగమే ఉంటుంది. గుంతకల్లులో రైలు తలుపు మధ్య పడి నలిగితే తీసేశారట. ఆ సగం వేలితోనే ఒక్కో అక్షరం చూపించేది. చివరి అధ్యాయం రాగానే పుస్తకం టపీమని మూసి, "ఎవరో చెప్పు" అనేది. నేను తప్పు చెబితే మొదటినుంచి మళ్లీ చదవాల్సిందే. "కండ్లు యాడ పెట్టుకొని చదివితివే? సరిగా చూడకుండా ఒకరి మింద వేలు పెట్టగూడదు పాపా, పాపం తగులుతాది" అనేది. ఆ మాట నా చెవులకు ఎక్కింది కానీ బుర్రకు ఎక్కలేదు. ఎక్కి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

మూడేళ్ల కిందట ఉగాదికి ఎమ్మిగనూరు పోయాను. ఆ ఇంట్లో అమ్మ, అత్త, తమ్ముడు, మరదలు, వాళ్ల కూతురు ఉంటారు. పండుగ పొద్దున మరదలు తలంటు పోసుకుంటూ జుంకీలు తీసి స్నానాలగది గూట్లో పెట్టింది. పూజ తర్వాత వచ్చి చూస్తే ఒకటే ఉంది. చనిపోయిన వాళ్లమ్మ ఇచ్చిన జుంకీలవి. ఇల్లంతా వెతికాం. నీళ్లు పోయే తూము కూడా గెలికి చూశాం. ఏడుస్తూనే మరదలు చూపు నేరుగా ఇంట్లో పనిచేసే ఆమె మీదికి పోయింది. ఆమె మొగుడు మా తమ్ముడి వరిమడిలోనే పనిచేస్తాడు, వాళ్లుండేది మా దొడ్డి వెనక గదిలోనే.

"పోలీసులకు ఫోన్ చేస్తా" అన్నాడు తమ్ముడు.

"సుమ్నే, గమ్మునుండప్పా" అంది అమ్మ. "పండగ పూట ఇంటికి పోలీసులేంది? మట్టిముద్దలు వేయిద్దాం."

మా పెద్దవాళ్ల పద్ధతి అది. ఇంట్లో ఏదైనా పోతే, ఆ పూట ఇంట్లో ఉన్నవాళ్లంతా ఒక్కొక్కరే పెరట్లోకి పోయి, తడిపిన మడిమట్టితో గుప్పెడు ముద్ద చేసి, వడ్లగదిలో చీకట్లో పెట్టిన గంగాళంలో వేసి రావాలి. తీసినవాళ్లు వస్తువును ముద్దలో దాచి వేయవచ్చు. అందరూ వేశాక ఇంటి పెద్ద ఆడమనిషి ఒక్కతే లోపలికి పోయి, బిందెడు నీళ్లు పోసి ముద్దలన్నీ పిసికి కలిపేస్తుంది. అడుగున వస్తువు దొరుకుతుంది. ఎవరి ముద్దలోదో ఆమెకూ తెలియదు, ఎవరూ అడగరు. ఆ తర్వాత అందరూ కలిసి అన్నం తింటారు.

నాకు ఒళ్లు మండింది. వస్తువు దొరికితే చాలట, దొంగ అక్కర్లేదట! ఇదేం న్యాయం? చివరి అధ్యాయం చింపేసిన పుస్తకం ఎవరైనా చదువుతారా? ఇన్నేళ్లు ఇన్ని పుస్తకాలు చదివింది ఎందుకు మరి? అమ్మకు మోకాళ్లనొప్పులు. "నువ్వు వంగలేవు, నీళ్లు నేను పోస్తాలే" అన్నాను. "నా తల్లే" అని మురిసిపోయి బిందె నా చేతికిచ్చింది పిచ్చిది.

లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసి ఫోన్‌లో లైటు వేశాను. గంగాళంలో ఎనిమిది ముద్దలు. మా మడి నల్లమట్టి వెన్నలాగా ఉంటుంది, పిసికితే వేళ్ల గుర్తులు అచ్చు దిగుతాయి. చీపురుపుల్ల తీసి ఒక్కో ముద్దలో గుచ్చుతూ పోయాను. ఐదో ముద్దలో పుల్ల టక్కుమని ఆగింది. ఆ ముద్ద మీద మూడు వేళ్ల గుర్తులు పొడుగ్గా ఉన్నాయి. నాలుగోది సగమే.

అత్త వేలే అది. నిజం చెప్పేస్తాను, అంత బాధలోనూ ఒక మూల సంతోషం కూడా కలిగింది. పట్టేశాను! నా అంతట నేను, ఎవరి సాయం లేకుండా! ఇప్పుడు ఆ సంతోషం తలచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. నీళ్లు పోశాను, పిసికాను, జుంకీ తెచ్చి మరదలి చేతిలో పెట్టాను. అందరం ఓళిగలు, అదే బొబ్బట్లు, తిన్నాం. అత్త నాకు నెయ్యి వడ్డించింది.

నోరు మూసుకుని బళ్లారి బస్సెక్కినా బాగుండేది. నా కడుపులో ఆగితేనా! సాయంత్రం తమ్ముడిని పక్కకు పిలిచి, ఎవరికీ చెప్పొద్దని మూడుసార్లు చెప్పి, చెప్పేశాను. వాడి నోట్లో నువ్వుగింజ నానదని నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. రాత్రి భోజనాలకే మరదలి మొహం మారిపోయింది.

ఎవరూ అత్తను ఒక్క మాట అనలేదు. అంటే ఆమె కూడా ఏదో అనేది. గోడకు వేలాడే బీరువా తాళంచెవి మరదలి నడుముకు చేరింది. అత్త ఏ గదిలోకి పోయినా వెనకే ఎవరో ఒకరు ఏదో పనున్నట్టు పోయేవాళ్లు. నలభై ఏళ్లు దొంగల కథలు చదివిన మనిషికి తాళంచెవి చోటు మారితే తెలియదా? రెండు నెలలు చూసింది. మామ చెల్లెలికి ఒంట్లో బాగలేదు, కొన్నాళ్లు తోడుంటానని సంగనకల్లుకు పోయింది. ట్రంకుపెట్టె కూడా తీసుకుపోయిందని అమ్మ ఫోన్‌లో చెప్పినప్పుడు, అది కొన్నాళ్లకు కాదని నాకు అర్థమైంది. అయినా నాకు అప్పుడు అత్త మీదే కోపం. తీసింది తనైతే నేనేం చేసేది అనుకున్నాను. సంగనకల్లు నా ఇంటికి ఆటోదూరం, ఆ ఏడాదంతా ఒక్కసారి పోలేదు.

మరుసటి ఉగాదికి పోతే, కొళాయి దగ్గర అంట్లు తోముతున్న పనామె నన్ను చూసి చేతులాపింది.

"అక్కా, అత్తమ్మ ఇంక రాదా?"

"నీకెందుకు?" అన్నాను విసురుగా.

ఆమె అటూ ఇటూ చూసింది. "జుంకీ నేను తీసింటి అక్కా. ఎందుకు తీస్తినో నాకే గొత్తిల్ల. గూట్లో మెరస్తాంటే చెయ్యి పాయె. ముద్దలో పెట్టేద్దామనుకుంటి. నేను మట్టి పిసికేటప్పుడు చిన్నమ్మ, అదే మీ మరదలు, కిటికీ కాడ నిలబడి నన్నే చూస్తాండె. చెయ్యాడల్యా. వట్టి ముద్ద ఏసొచ్చి ఈడే కూసోని ఏడస్తాంటి. అత్తమ్మ వచ్చి చెయ్యి పట్టుకొనె. ఇట్లియ్యి, నా ముద్దలో ఎవరు చూస్తారులే అనె."

నా ముద్దలో ఎవరు చూస్తారులే. చీపురుపుల్లతో గుచ్చి చూసింది నేనే. ఆమె చేతులు ఇంకా సబ్బునురగతోనే ఉన్నాయి. "చెప్పొద్దక్కా, మమ్మల్ని ఊర్లోంచి ఎల్లగొడతారు" అని ఆ చేతులతోనే దండం పెట్టింది.

ఆ ఆదివారం సంగనకల్లు పోయాను. అత్త వరండాలో మంచం మీద కూర్చుని ఉంది, మంచం కింద ట్రంకుపెట్టె. ఏడాదిగా ఎందుకు రాలేదని అడగలేదు. కళ్లలో పొర వచ్చి అక్షరాలు ఆనడం లేదని, పెట్టెలోంచి ఒక పుస్తకం తీసి నా చేతికిచ్చింది. నేను చదవలేకపోయాను. ఏడుస్తూ అంతా చెప్పేశాను. ఫోన్ లైటు, చీపురుపుల్ల, తమ్ముడితో అన్న మాట, అన్నీ.

ఆమె అంతా విని ఒకటే అడిగింది. "నా ముద్దని ఎట్ల కనుక్కుంటివే?"

"వేలు."

అత్త చెయ్యి పైకెత్తి, కళ్ల దగ్గరగా పెట్టుకుని ఆ సగం వేలిని చూసుకుంది. ఫక్కుమని నవ్వింది. "అబ్బా, భలే పట్టినావు పో! ఈ వేలి సంగతి నాకే తోచల్యా!" నిజంగానే మురిసిపోయింది. నన్ను తిట్టినా, రెండు వాయించినా ఇంత బాధ ఉండేది కాదు. నా శిష్యురాలు గెలిచిందన్న గర్వం ఆ మొహంలో.

"అయితే సగమే చదివినావు" అంది తర్వాత. "ముద్ద ఎవరిదో చూస్తివి. ఎందుకేసిందో చూల్యా."

"ఇప్పుడే పోయి తమ్ముడికి నిజం చెప్తా అత్తా."

"చెప్పి? ఆ పిల్లని యాడికి పొమ్మంటావు? మొగుడు మీ మడిలో, కాపురం మీ దొడ్లో. పుస్తకంలో అయితే దొంగ పేరు చెప్తానే అట్ట మూసేస్తాం. ఈళ్లు రేపు పొద్దున లేసి ఆ ఊర్లోనే బతకాల గదే."

"మరి నువ్వు?"

"నాకేమి? ఈడ బాగనే ఉండా."

వరండాలో మంచం, పక్కన ఎవరివో ఎరువుల సంచులు. బాగనే ఉందట! నేను మొండికేస్తే, ఒడిలో ఉన్న డిటెక్టివ్ నవల మీదే నా చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. అప్పటినుంచీ నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెబితే అత్త కాపాడిన మనిషి రోడ్డున పడుతుంది. చెప్పకపోతే అత్త దొంగగానే ఉండిపోతుంది. లెక్కల టీచర్ని, ఎన్ని రకాలుగా వేసినా ఈ లెక్క తెగలేదు. ప్రతి ఆదివారం పోయి ఒక అధ్యాయం చదివి వస్తాను. అంతకు మించి నా చేతుల్లో ఏమీ లేదు.

పోయిన నెల తమ్ముడి కూతురికి ఓణీల ఫంక్షన్ చేశారు. పిలవకపోతే బాగుండదని అత్తనూ పిలిచారు. నేనే ఆటోలో తీసుకుపోయాను. కొత్త చీర కట్టుకుని, పిల్లకు ఒక కుంకుమభరిణ తెచ్చింది. హాలు నిండా చుట్టాలు. అత్త పోయి మరదలి గది తలుపు పక్కన చాప మీద కూర్చుంది, గాలి వస్తుందని.

నేను వక్కాకుల పళ్లెం సర్దుతున్నాను. మరదలు గాబరాగా వచ్చి, నా పక్కనే ఉన్న పనామెను చెయ్యి పట్టి లాగింది.

"ఇదో, నువ్వు పోయి ఆడ నిలబడు. ఆ యమ్మ మింద ఒక కన్నేసి ఉండు. లోపల నగలన్నీ బయటే ఉండాయి."

పనామె నా వైపు చూసింది. నేను నోరు తెరిచాను. ఏం మాట్లాడాలి? ఎవరి పేరు చెప్పాలి? మరదలు అప్పటికే చుట్టాల్లోకి వెళ్లిపోయింది. తేలు కుట్టిన దొంగలాగా నేను పళ్లెం పట్టుకుని అక్కడే ఉండిపోయాను.

ఆమె తల దించుకుని పోయి అత్త పక్కన నిలబడింది. అత్త తలెత్తి కళ్లు చికిలించి చూసింది. ఎవరో గుర్తుపట్టి, పక్కకు జరిగి, చాప మీద ఆ సగం వేలితో తట్టింది.

"పొద్దునుంచి తిరగతానే ఉండావు, కాళ్లు నొయ్యవా? కూసో రామ్మే" అంది.