అమ్మ కత్తెర చప్పుడు

తొంభైల్లో ఎల్లారెడ్డి ఊరి బ్యాండుపార్టీలో నేను డ్రమ్ము కొట్టేవాణ్ని. కీబోర్డు వాయించే భాయి నాకంటే పెద్దవాడు. దుబాయి నుంచి ఆయన తెచ్చుకున్న ఆ చిన్న పెట్టె ఏ చప్పుడునైనా పట్టుకుని స్వరాలుగా పలికించేది. లింగంపేటలో బీడీలు చుట్టే వాళ్లమ్మ ఆకు కత్తిరించేటప్పుడు వచ్చే కత్తెర చప్పుడును ఆయన అందులో నింపుకున్నాడు.

"కాళ్లు ఎగురుతుంటే మనసు సోంచాయించొద్దని, ఆలోచన చెయ్యొద్దని ఎవరన్నరు?" అని ఎప్పుడూ అంటుండేవాడు.

కామారెడ్డిలో ఒక బరాత్‌లో ధైర్యం చేసి, ఆ కత్తెర దరువు మీద సొంతంగా కట్టిన పాట ఎత్తుకున్నాడు. మొదట అందరూ ఎగిరారు. పాట మెల్లగా లోతుకు దిగేసరికి ఒక్కొక్కరే ఆగిపోయారు. ఒక ముసలవ్వ మాత్రం దగ్గరికొచ్చి, ఆకు కత్తిరిస్తున్నట్టు వేళ్లు ఆడిస్తూ నిలబడింది.

పెండ్లికొడుకు మామ మీదికొచ్చాడు. "ఏందిది? పెండ్లా, సావా? సినిమా పాట కొట్టు!"

భాయి తల వంచుకుని సినిమా పాట కొట్టాడు.

ఆ తర్వాత ఎన్ని పెళ్లిళ్లకు పోయినా ఆ పాట వినపడలేదు. ఒకరోజు బస్సులో అడిగాను.

"చెరిపేసిన తమ్మీ. పెట్టెల ఒక్క చప్పుడే పడుతది. మన బ్యాండు ఓనర్ అందుల కారు హారన్ చప్పుడు కావాలన్నడు."

"కత్తెర చప్పుడు మల్ల పట్టుకోవచ్చు గద భాయ్?"

"అమ్మకు పక్షవాతమొచ్చింది. చెయ్యి లేస్తలేదు."

ఆ సాయంత్రం బరాత్‌లో హారన్ మోగిన ప్రతిసారీ జనం కేకలేసి ఎగిరారు. భాయి ఒక్క స్వరం కూడా తప్పలేదు.