ముందుగాల గొట్టం తియ్యి

మొన్న పొద్దున మామయ్య ఫోన్ చేశాడు. హలో లేదు, ఏడుపు లేదు. "గొట్టం సాఫ్‌గనే ఉండె అల్లుడా. నేనే చూసిన. గుండెనే ఆగింది," అన్నాడు. మా మేనత్త పోయిందన్న కబురు నాకు అలా తెలిసింది. ముందు ఆ మాటే ఎందుకు చెప్పాడో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఇన్నాళ్లూ మేమంతా భయపడింది ఆ గొట్టానికే.

థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత అత్తయ్య గొంతులో గాలి పోయే దారి బాగా ఇరుకైపోయింది. మెడ ముందు రంధ్రం చేసి గొట్టం పెట్టారు. ఊపిరంతా అందులోంచే. మాట్లాడాలంటే దాన్ని వేలితో మూయాలి, మూస్తే గాలి అందదు. మాటో ఊపిరో, ఒకసారికి ఒకటే. అమీర్‌పేట సందులో నాలుగిళ్లకు వినబడేలా మాట్లాడిన మనిషికి అదెంత శిక్షో ఆలోచించండి. ఆమె దాన్ని కూడా వాడుకుంది. టమాటాలకు ఒక ధర చెప్పి, ఊపిరి కోసం వేలు తీసేది. ఆ మౌనానికి బెదిరి కూరగాయల బండివాడే ధర తగ్గించేవాడు.

రోజూ పొద్దున మామయ్య, ఆ గొట్టంలో ఇమిడి ఉండే లోపలి గొట్టం తీసి, సన్నటి బ్రష్‌తో కడిగి, వెలుతురుకు పెట్టి చూసేవాడు. కఫం గట్టిపడితే అదే బిరడా. కరెంటు పోతే కఫం లాగే మిషన్ ఆగిపోతుందని మాకు గుబులు. ఆటోలో వెళ్తుంటే పంజగుట్ట సిగ్నల్ దగ్గర ముందు బస్సు పొగ వదిలితే, మెడ మీది పల్చటి తడిగుడ్డకు అరచేయి అడ్డం పెట్టుకునేది. నేను పక్కనే ఆమె ఊపిరి చప్పుడు వింటూ కూర్చునేవాణ్ణి. "ఏం వింటున్నవ్ రా, పాటనా?" అని తిట్టేది.

మా అందరికీ ఒకటే పాఠం చెప్పింది. "నాకు ఊపిరాడకుంటె ముందుగాల లోపలి గొట్టం తియ్యి. ఏడ్సుడు తర్వాత."

ఆ పాఠం ఎర్రమంజిల్‌లో ఒక చుట్టాల పెళ్లిలో అక్కరకొచ్చింది. భోజనాల దగ్గర అత్తయ్యకు దగ్గు మొదలై ఎంతకీ ఆగలేదు. మనవాళ్ల సంగతి తెలిసిందేగా. "పొలమారింది, ఎవలో తలుసుకుంటుండ్రు!" అంటూ ఒక పెద్దావిడ నడినెత్తి మీద చరవసాగింది. ఇంకొకామె నీళ్ల గ్లాసు నోటికి ఆనించింది. మెడలో రంధ్రం నలుగురికీ కనబడుతోందని మరొకామె కొంగు లాగి గొట్టం మీద కప్పేసింది. అందరిదీ ప్రేమే. ఆ ప్రేమ కింద అత్తయ్య పెదాలు నల్లబడుతున్నాయి.

"జరగండి!" అని అరిచి కొంగు లాగేశాను. లోపలి గొట్టం పట్టుకుని తిప్పబోతే ఊడి రాలేదు. అత్తయ్య నా చేతి మీద తన చేయి వేసి తనే తిప్పింది. గొట్టం బయటికొచ్చింది, దాని కొసన ఎండిన కఫం. ఈల వేసినట్టు గాలి లోపలికి పోయింది. అంత మంచి చప్పుడు నేనెప్పుడూ వినలేదు.

కాస్త తేరుకున్నాక వేలు పెట్టుకుని, నెత్తి చరిచిన పెద్దావిడతో అంది: "నన్ను తలుసుకున్నోళ్లు ఎవలో గని, జర మెల్లగ తలుసుకోమను వదినా." అందరూ నవ్వారు. నేను చేతులు కడుక్కునే చోటికి వెళ్లి ఏడ్చాను.

తిరిగి వస్తుంటే, భయం వేయలేదా అని అడిగాను. "బతికుంటె బలుసాకు తినొచ్చంటరు. నేనైతే బిర్యానీనే తింటున్న గద," అంది. అలాంటి మనిషి మా ఇంట్లో పుట్టినందుకు నాకు గర్వం.

మొన్న ఆమెను వాళ్ల హాల్లో పడుకోబెట్టారు. గొట్టం కనబడకూడదని ఎవరో తెల్లగుడ్డను గడ్డం దాకా లాగారు. మూలన కూర్చున్న మామయ్య లేచి వచ్చి, గుడ్డను గుండెల దాకా కిందికి మడిచాడు.

"ఆడ కప్పకుర్రి. దానికి ఊపిరాడది," అన్నాడు.

ఆ తర్వాత దండలు తెచ్చినవాళ్లెవరూ వాటిని ఆమె మెడ దాకా తీసుకెళ్లలేదు. పాదాల దగ్గర పెట్టి, గాలి తగలనిస్తూ పక్కకు జరిగారు.