బొమ్మను ఆపి చూసిన మా వదిన

వదిన పోయిందని అన్న ఫోన్ చేసినప్పుడు "ఎక్కడికి?" అని అడిగాను. నేనెక్కిన విశాఖ రైలు టైడా స్టేషన్లో ఆగి ఉంది, ఫోన్ సిగ్నల్ తెగిపోతూ ఉంది. "ఎక్కడికేటే... పోయింది" అన్నాడు అన్న మళ్ళీ. అప్పటికీ నాకు అర్థం కాలేదు. ముందురోజే ఆస్పత్రి నుంచి మాట్లాడింది. నారింజలు తేవద్దు, పుల్లగా ఉంటన్నాయి అంది. అప్పటికే కొన్న నారింజల సంచిని ఏం చేయాలో తెలియక విశాఖపట్నం దాకా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను.

మా వదిన అరకు దగ్గర ఒక మిషన్ బడిలో కంప్యూటర్ టీచరు. నేను అదే బడిలో డ్రాయింగ్ టీచర్ని. రెండు వేల తొమ్మిది ప్రాంతంలో ఎవరో దాతలు బడికి చిన్న లాప్‌టాప్‌లు ఇచ్చారు. కొండ మీది ఊళ్ళ నుంచి హాస్టల్‌కి వచ్చే చిన్నపిల్లలకు ఇంటి మాట వేరు, బడి తెలుగు వేరు. వాళ్ళ కోసం వదిన ఒక ఆట తయారుచేయడం మొదలుపెట్టింది. ఆటలో ఒక గుంట, మా వైపు ఆడపిల్లని అలాగే అంటాం, కొండ దిగి సంతకు వెళ్తుంది. దారిలో కనబడినదానికి సరైన తెలుగు పేరు నొక్కితే ముందుకు నడుస్తుంది. ప్రోగ్రాం వదినది, బొమ్మలు నావి. వలిసె పూల చేలు, కాఫీ తోటలు, అడ్డాకులతో విస్తళ్ళు కుట్టే ఆడవాళ్ళు, పొద్దుటి మంచు, అన్నీ ప్రాణం పెట్టి వేశాను.

ఇంట్లో వదిన పెద్ద కంప్యూటర్‌లో ఆట చక్కగా నడిచింది. బడి లాప్‌టాప్‌లో మాత్రం ఆ గుంట ఒక అడుగు వేసి బిగుసుకుపోయేది. తర్వాత ఒక్కసారిగా ఎగిరి ఎక్కడో తేలేది. బడి చూసుకునే ఫాదర్‌గారు మెత్తగానే చెప్పారు. "వార్షికోత్సవం నాటికి నడవకపోతే బయట నుంచి పాఠాల సీడీలు తెప్పిస్తానమ్మా. అప్పుడిక కంప్యూటర్‌కి వేరే టీచరెందుకని పైవాళ్ళు అడుగుతారు."

వదిన ఆ లాప్‌టాప్‌లో ఇంకో ప్రోగ్రాం ఎక్కించింది. అది నడుస్తున్న ఆటను ఒకచోట ఆపి, తెర మీద ఏది ముందు గీసిందో, ఏది తర్వాత గీసిందో, మొత్తానికి ఎంత సేపు పట్టిందో చూపిస్తుంది. బెల్లం కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని నన్ను పిలిచింది.

"ఏటి కనబడతంది?"

"మన బొమ్మే."

"ఒక్క బొమ్మ కాదే గుంటా. ఆకాశం, దాని మీద కొండ, కొండ మీద సెట్లు. ఒకదాని మీదొకటి ఎన్ని గీత్తందో సూడు. పాపం, దీనికేటి ఓపిక?"

పక్కన రంగురంగుల గీతలు లేస్తున్నాయి, పడుతున్నాయి. నాకు తల తిరిగింది. వదిన ముందు పూల చేను తీసేసింది. వద్దని చేయి అడ్డం పెట్టబోయాను. ఆట మాత్రం ఏమీ మారలేదు. పూలు తిరిగి పెట్టి కాఫీ తోట తీసింది. అప్పుడూ అంతే.

"రెండూ కలిపి తీసేయొచ్చు కదా వదినా?"

"అప్పుడు ఏది పనిసేసిందో ఎలా తెలుత్తాది? తెలవనప్పుడు ఒక్కటే మార్చాల" అంది. తనకూ ఏమీ తెలియడం లేదని అప్పుడే నాకు తెలిసింది. ఆ మాట అంత తేలిగ్గా ఎలా ఒప్పుకుందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

మూడో వారంలో ఆట కనబడే చోటును తెర మీద సగానికి కుదించి చూసింది. గుంట గబగబా నడిచింది! అంటే చిక్కు వస్తువుల లెక్కలో లేదు, తెరంతా నింపుతున్నదేదో ఉంది. అది నా మంచు. పొరలు పొరలుగా, వెనకవి కనబడేలా వేశాను. ప్రతి పొరకీ ఆ లాప్‌టాప్ తెరంతా మళ్ళీ రంగు కలుపుకోవాల్సి వస్తోంది.

"మంచు లేని అరకేటి వదినా?" అని కోపంగా లేచాను.

"నీ బొమ్మ బాగోలేదన్నానా? కూకో. మంచు కొండలోనే కలిపి గియ్యి. ఒక్క బొమ్మగా. గుంట కాళ్ళ దగ్గర పలచటి పొర ఒకటి వదిలెయ్యి, కదులుతాది."

మళ్ళీ అన్ని కొండలూ వేశాను. తిట్టుకుంటూనే వేశాను. వదిన రోజూ నాకూ ఒక గ్లాసు కాఫీ తెచ్చి పెట్టి వెళ్ళేది.

వార్షికోత్సవం నాడు డొంకరాయి వైపు నుంచి వచ్చిన రెండో తరగతి పిల్ల ఆడింది. ఎక్కడా ఆగలేదు. ఆనపకాయ, గంప, మేక, పేర్లన్నీ నొక్కుకుంటూ సంత దాకా వచ్చి, అక్కడ గుంటను వెనక్కి తిప్పి కొండ ఎక్కించడం మొదలుపెట్టింది. అలా తిప్పొచ్చని వదినకే తెలియదు. ఫాదర్‌గారు తికమకపడి వంగి, "సంతలోకి వెళ్ళాలి కదమ్మా?" అన్నారు.

"ఇంటికెల్తన్నాను" అంది పిల్ల, తల తిప్పకుండానే.

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. సీడీల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. వదిన ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ గదిలోనే పాఠం చెప్పింది. ఆ పిల్ల వెనక్కి నడిచిన దారిని అలాగే ఉంచింది. ఎందుకని అడిగితే, "ఏమో, ఉండనీ" అనేది. ఇంకొంచెం గట్టిగా అడగాల్సింది.

ఆస్పత్రి నుంచి వదినను వ్యానులో తీసుకుని ఘాట్ రోడ్డు ఎక్కాం. అరకు ఇంకా రాకముందే రైలు గేటు పడింది. ఇనుప ఖనిజం మోసే గూడ్సు బండి రావడం మొదలుపెట్టింది. అన్న కిటికీలోంచి చూస్తూ "ఇది ఏ ఊరే?" అని అడిగాడు, పుట్టి పెరిగిన చోట. నాకూ పేరు నోటికి రాలేదు. వ్యాగన్ల సందుల్లోంచి అవతలి పక్క గొడుగులు పట్టుకుని నిలబడ్డ మనుషులు కనబడి మాయమవుతున్నారు. బండికి చివర ఉన్నట్టు లేదు. మా వ్యాను డ్రైవరు ఇంజను ఆపేశాడు.