తోమకూడని పొట్ట

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది సంగతి. హనుమకొండలో నాదొక చిన్న రక్తపరీక్షల ల్యాబ్. సూది గుచ్చకముందే రోగం చెప్పేస్తానని నాకు పేరు. ఆ పేరు పెట్టింది కూడా నేనే.

వర్ధన్నపేటలో ఎరువుల దుకాణం నడిపే సారయ్యకు గుండె వాల్వు మార్చారు. నెత్తురు గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి. నెత్తురు హద్దు మీరి పలచబడిందేమో చూసే పరీక్షే ఐఎన్ఆర్. దానికోసం నెలనెలా వచ్చేవాడు. ఆ ఉదయం భార్య లక్ష్మమ్మ పట్టుకుని నడిపించుకొచ్చింది. విడవని దగ్గు. దగ్గుతుంటే పొట్టలో కలుక్కుమందట.

"గ్యాస్ అన్నా. ఈమె బజ్జీల పుణ్యం," అన్నాడు సారయ్య.

"నా బజ్జీలనెందుకు అంటవ్? బొడ్డు జారింది," అంటూ ఆమె సంచిలోంచి నూనె సీసా తీసింది. "రిపోర్టు వచ్చేదాంక నీ బల్ల మీద పండవెట్టి జర తోముత అన్నా."

నేను నెత్తురు తీసి దూది అదిమాను. దూది తడిసింది. ఇంకోటి పెట్టాను, అదీ తడిసింది. చొక్కా ఎత్తి చూస్తే బొడ్డు పక్కన పిడికిలంత గట్టి గడ్డ. ముఖం సున్నం కొట్టినట్టుంది, ఒళ్లంతా చల్లటి చెమట. బయట ఎక్కడా నెత్తురు చుక్క లేదు. ఆమె అరచేతిలో నూనె పోసుకుంది.

"చెయ్యి తియ్ చెల్లె! లోపల కండలో నెత్తురు పోతాంది!" అని పులిలా గర్జించాను. ఆటోలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. స్కాన్‌లో అచ్చం నేను చెప్పిందే కనబడింది.

ఇది నేను అందరికీ చెప్పుకునే కథ. నిజానికి కండ సంగతి డాక్టరు చెప్పాకే నాకు తెలిసింది. ఈ మాత్రలు వాడేవాళ్లలో, అరుదుగానే అయినా, గట్టి దగ్గుకు పొట్ట కండలో రక్తనాళం తెగుతుందట. "తోమి ఉంటే మనిషి దక్కేవాడు కాదు," అన్నాడాయన. మందుకు విరుగుడిచ్చి, నెత్తురు ఎక్కించి, బీపీ నిలబడిందని చెప్పేదాకా బయట బెంచీ మీంచి నేను లేవలేదు. సీసాల్లో ఎంతో నెత్తురు చూసినవాణ్ణి. కనబడని నెత్తురుకు అంత భయపడతాననుకోలేదు.

ఈ మాత్రలు వేసుకునేవారికి పొట్టలో నొప్పి, గడ్డ, కళ్లు తిరగడం ఉంటే తోమకండి, వెంటనే దవాఖానకు వెళ్లండి. మాత్ర మాత్రం సొంతంగా మానకండి.

సారయ్య కోలుకున్నాక లక్ష్మమ్మ నన్ను నిలదీసింది. "గర్జించిన అని చెప్పుకుంటానవట! నీకు నోట్లెకెల్లి మాటనే రాలే. నా చెయ్యి పట్టుకున్నవ్. నీ చెయ్యి గజగజ వణికింది. గది చూసే నేను ఆగిన."

అప్పటినుంచి రోగి ఇంటివాళ్ల ముందు నా భయాన్ని దాచుకోవడం మానేశాను.