చిన్నోడికి కప్పిన గుడ్డ

ఇలా దగ్గరికి జరగండి. కాళ్లు చాపుకుంటానంటే చాపుకోండి, ఆ దిండు కూడా తీసుకోండి. కానీ గట్టిగా మాత్రం నవ్వకండి. పక్కగదిలో మా ఆయన పడుకున్నారు. ఈ సంగతి ఎవరికైనా చెప్తున్నానని తెలిస్తే ఆయన చెవులు ఎర్రబడతాయి. నాకైతే ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు.

మేముండేది బెంగాల్లో, గంగ ఒడ్డున గార్డెన్ రీచ్‌లో. ఆయన ఓడలు కట్టే యార్డులో పనిచేసి రిటైరయ్యారు. మాకు ఒక్కడే కొడుకు. ఊరికి ఆ చివర న్యూ టౌన్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తూ అక్కడే అద్దెకుంటున్నాడు. ఇక ఇంట్లో మిగిలినవాడు మా కుక్క. వాణ్ణి చిన్నోడు అని పిలిచేవాళ్లం.

తంటా అంతా ఆ పేరుతోనే వచ్చింది. మా ఆయనకి ఒక అక్క ఉంది. దగ్గర్లోనే బడ్జ్ బడ్జ్‌లో ఉంటుంది. తల్లి పోయాక తమ్ముణ్ణి ఆవిడే పెంచింది. జుట్టు నెరిసి, పళ్లు కట్టించుకున్న మనిషిని ఇప్పటికీ గుమ్మంలోంచే "ఓరి చిన్నోడా, తిన్నావేట్రా?" అని పలకరిస్తుంది. మా అబ్బాయి బడికెళ్లే రోజుల్లో, వానలో తడుస్తున్న కుక్కపిల్లని చొక్కాలో దాచి తెచ్చాడు. గిన్నెలో పాలు పోసి, అచ్చం మేనత్త గొంతుతో "ఓరి చిన్నోడా, తిన్నావేట్రా?" అన్నాడు. మేమిద్దరం పడి పడి నవ్వాం. ఆ నవ్వులోనే పేరు ఖాయమైపోయింది.

నవ్వడమైతే నవ్వాం గానీ, వదిన వస్తోందంటే భయమే. తమ్ముడి ముద్దుపేరు కుక్కకి పెట్టామని తెలిస్తే ఊరుకునే మనిషి కాదు. పైగా ఆవిడకి కుక్క చీర కుచ్చిళ్లకి తగిలితే మళ్లీ స్నానం. అందుకని ఆవిడ ఉన్నంతసేపూ వాణ్ణి వంటింటి బాల్కనీలో కట్టేసి, పేరెత్తకుండా "ఇదిగో", "హేయ్" అంటూ గడిపేవాళ్లం. ఆవిడ హాల్లో కూర్చుని "చిన్నోడా!" అని మా ఆయన్ని పిలిచినప్పుడల్లా బాల్కనీలో తోక గోడకేసి టపటపా కొట్టుకునేది.

"దానికేటొచ్చిందే?" అనేది వదిన.

"దోమలు, వదినా" అనేదాన్ని.

మొన్న కాళీపూజ టపాసులకి చిన్నోడు కుట్టుమిషను కింద దూరాడు. ఏటా దూరేవాడే, కానీ ఈసారి బయటికొచ్చాక అన్నం ముట్టలేదు. వయసైపోయింది, ఇబ్బంది పెట్టకండి అన్నాడు పశువుల డాక్టరు. ఒకనాడు తెల్లారి లేచి చూస్తే, మా ఆయన చెప్పుల మీద గడ్డం ఆనించుకుని అలాగే ఉన్నాడు. పిలిచాను. తోక కదల్లేదు.

పాత తువ్వాలు కప్పి, ఏం చెయ్యాలా అని కూర్చున్నాం. మా వాళ్లలో పసిపిల్లలు పోతే కాల్చరు, మట్టిలో పెడతారు. వీడు నాకు పసివాడే. కానీ మట్టేది? మా బిల్డింగు చుట్టూ గోడ నుంచి గోడ దాకా సిమెంటే. అబ్బాయికి ఫోన్ చేస్తే, "అమ్మా, బెంగ పెట్టుకోకు. కుక్కలకీ పిల్లులకీ కాల్చడానికి వేరే కరెంటు పొయ్యి ఉంది. బండి మాట్లాడి తీసుకొస్తాను" అన్నాడు.

మా ఆయన ఒప్పుకోలేదు. "కుక్కకి దహనమేటే? నలుగురూ నవ్వుతారు. కార్పొరేషను బండోళ్లకి ఇచ్చీదాం" అన్నారు. అంటూనే ఆ చెప్పులు మాత్రం చిన్నోడి గడ్డం కిందనుంచి తియ్యనివ్వలేదు.

మా ఇంట్లో పెళ్లికైనా చావుకైనా వదిన మాటే మాట. కాల్చవచ్చో లేదో ఆవిడనే అడుగుదామనుకున్నాను. పేరు నోట రాకుండా ఎలా చెప్పాలో కూడా అనుకునే ఫోన్ చేశాను. కానీ ఆవిడ "ఏటే, పొద్దున్నే?" అనేసరికి నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"వదినా, మన చిన్నోడు పోయాడు వదినా!"

అవతల ఒక్క కేక. ఫోను కింద పడ్డ చప్పుడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

"అప్ప ఏటంది?" అన్నారు మా ఆయన.

"ఏడిసింది."

"కుక్క కోసమా? మా అప్పా?"

నాకూ ఆశ్చర్యమే. ఈవిడ మనసులో ఇంత ప్రేమ పెట్టుకుంటే, ఇన్నేళ్లూ రాయి అనుకున్నానే అని సిగ్గేసింది. పేరెలా తెలిసిందన్న అనుమానం కూడా రాలేదు నాకు. అంత మందబుద్ధి.

పొద్దు బాగా ఎక్కాక మా ఆయన లేచి గెడ్డం గీసుకోవడానికి కూర్చున్నారు. ఒక చెంప అయింది, రెండో చెంపకి సబ్బు రాస్తుండగా మెట్ల మీద నుంచి ఏడుపు వినిపించింది.

"ఓరి చిన్నోడా! నన్నొగ్గీసి ఎలిపోనావురా! నా సేతుల్తో పెంచినాన్రా!"

అప్పుడు వెలిగింది నాకు. నేను నోరు తెరిచేలోగా ఆయన వెళ్లి తలుపు తీశారు.

గుమ్మంలో వదిన, జుట్టు విరబోసుకుని. వెనక దండ పట్టుకుని ఆవిడ భర్త, మా అన్నయ్యగారు. నన్ను బౌదీ అని, మా ఆయన్ని దాదా అని పిలిచే కింది వాటా బెంగాలీ ఆవిడ వదిన భుజం పట్టుకుని నడిపిస్తోంది. నన్ను చూసి "కీ హోలో బౌదీ, ఏమయింది? దాదాకేమయింది?" అనబోయి, సబ్బు నురగతో నిలబడ్డ దాదాని చూసి నోరు మూసుకుంది.

వదిన చెయ్యి చాపి ఆయన చెంప ముట్టుకుంది. వేళ్లకంటిన నురగ చూసుకుంది. "ఉన్నావేట్రా?"

"ఉన్నానప్పా. ఏటయింది?"

ఆ నురగ చెంప మీదే ఫెడీమని ఒకటిచ్చింది. వెంటనే మెడ పట్టుకుని బావురుమంది. కాసేపటికి తల ఎత్తి, "మరి పోయినోడెవుడే?" అని నన్నడిగింది.

అందరూ నావైపు తిరిగారు. బాల్కనీ పక్కన తువ్వాలు వైపు వేలు చూపించాను.

ఆ తర్వాత పడిన మాటలన్నీ చెప్పలేను. "నా తమ్ముడి పేరు కుక్కకెట్టినావేటే? దోమలని సెప్తావేటి నాకు? తోవంతా ఏడ్సుకుంటూ వచ్చినానే! నన్ను సూసి ఆటోవోడు కూడా ఏడిసినాడే!" అంటూ వదిన రొమ్ము బాదుకుంటోంది. ఆవిడ భర్త కుర్చీలో కూలబడి, "మంగలోడికి కూడా సెప్పీసినాను. ఇప్పుడు ఆడికేటి సెప్పాలి?" అని నిజంగానే దిగులుపడ్డాడు. కింది వాటా ఆవిడ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికడ్డం పెట్టుకుని మెట్లు దిగిపోయింది. మధ్యాహ్నానికి బిల్డింగంతా తెలిసిపోతుందని నాకర్థమైంది.

సరిగ్గా అప్పుడే మా అబ్బాయి వచ్చాడు. "అమ్మా, బండి కింద ఉంది. తీసుకెళ్దామా?" అన్నాడు.

వదిన చూస్తోంది. అన్నయ్యగారు చూస్తున్నారు. తలుపు బార్లా తెరిచి ఉంది. నా నోటి నుంచి వచ్చిన మాట ఇది:

"ఒద్దురా. కుక్కే గదా. కార్పొరేషనోళ్లకి ఇచ్చీదాం."

అంతవరకూ వాణ్ణి నేను కుక్క అని ఒక్కనాడూ అనలేదు. మా అబ్బాయి నా మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయాడు. మా ఆయన గోడవైపు తిరిగి, ఆరిపోయిన సబ్బుని గోటితో గీకుతున్నారు. తువ్వాలు కిందనుంచి చిన్నోడి వెనక్కాలు ఒకటి బయటికి కనిపిస్తోంది. దాన్ని సర్దాలనిపించింది, అందరి ముందూ వంగలేకపోయాను.

"పద" అంది వదిన భర్తతో. చేతిలో సంచి ఉంది. గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది. సంచిలోకి చూసుకుంది. అందులో తమ్ముడి మీద కప్పడానికి బజారులో కొన్న కొత్త పంచె ఉంది.

"ఇదేటి సెయ్యాలి?" అంది.

"ఇంటికి పట్టుకెల్దాం, ఎప్పుడో కట్టుకుంటాను" అన్నాడు ఆయన.

"సావుకి కొన్న గుడ్డ కట్టుకుంతావేటి? ఇంట్లోకి తెస్తే ఇంకొకణ్ణి కావాలంతాది."

"అయితే ఇక్కడొగ్గీయ్."

"మా తమ్ముడింట్లోనా?" అని గుడ్లురిమింది.

తర్వాత వెనక్కొచ్చి, మోకాళ్లు పట్టుకుని, అమ్మో అయ్యో అంటూ చిన్నోడి పక్కన కూర్చుంది. తువ్వాలు తీసేసింది. పంచె మడత విప్పి, వెనక్కాలు లోపలికి సర్ది, మెడ దాకా కప్పింది. అంచు చీర కుచ్చిళ్ల మీద పడినా లాక్కోలేదు.

"ఈ పేరుకి కొన్నాను, ఈ పేరోడికే కప్పినాను" అంది. తర్వాత భర్త చేతిలో దండ కూడా అందుకుంది. "దండెవులికి దాసుకుంతావు? ఇలాగియ్. ఒరే అబ్బీ, ఆ బండోణ్ణి రమ్మను. ఇంతమందిమి ఏడిసినాక సెత్తబండి ఎక్కిస్తారేటి? కాల్సండి. ఇలాగైనా మా చిన్నోడి గండం గడిసిపోతాది."

నావైపు మాత్రం చూడలేదు. చూడకపోవడమే మంచిదైంది.

మా ఆయన సగం గెడ్డంతోనే చొక్కా తగిలించుకుని, చిన్నోణ్ణి ఎత్తుకుని మెట్లు దిగారు. ఆ మొహంతోనే కరెంటు పొయ్యి దాకా వెళ్లారు. నేను బండిలో కూర్చుని వాడి తల ఒళ్లో పెట్టుకున్నాను, కానీ క్షమించమని అడగడానికి కూడా నోరు రాలేదు. సాయంత్రం మట్టికుండలో బూడిద ఇచ్చారు. గంగలో కలిపేటప్పుడు మా అబ్బాయి "చిన్నోడా" అని పిలిచాడు. నేను పెదవులు కదిపానంతే. పొద్దున్న కుక్క అన్న నోటికి ఆ పేరు ఎలా వస్తుంది?

వదిన చాలారోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకరోజు ఫోన్ చేసి, ఏమీ జరగనట్టు, "చిన్నోడు తిన్నాడేటే?" అంది. నా కళ్లు ముందు బాల్కనీ వైపు వెళ్లాయి.

"తిన్నాడు, వదినా" అన్నాను. అవతల ఆవిడ ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

సరే, చాలాసేపు కూర్చోబెట్టేశాను. లేవండి. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ గుమ్మంలోంచి ఏ పేరు పెట్టి పిలిచినా లోపలి నుంచి పలికేవాళ్లుండాలి. మీవాళ్లని మీవాళ్లేనని చెప్పుకోవడానికి, ఎంతమంది చూస్తున్నా, మీ నోరు తడబడకుండు గాక.