లేదని చెప్పే ఉద్యోగం

తన పనిలో తప్పుందని తానే మేనేజరుకు ఫోన్ చేసి చెప్పి, ఆ రిసీవరు కింద పెట్టేలోగా ఉద్యోగం పర్మనెంట్ చేయించుకున్న మనిషి ఈ భూమండలం మీద ఒక్కడే. పేరు గురుమూర్తి. నమ్మనివాళ్ళు నమ్మకండి, నేను పక్కనే ఉన్నాను.

అది 2003. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక మేడ పై అంతస్తు మా కంపెనీ. గోదాములకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసేది. ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో కాలేజీ నా ధాటికి తట్టుకోలేకపోవడంతో, నా మేధస్సంతా ఇక్కడ ఇన్‌స్టలేషన్ల మీద ధారపోస్తున్నాను. గురుమూర్తి నాకంటే పదేళ్ళు పెద్ద. చిక్కపేటలో మేనమామ వెంకటగిరియప్ప ఇనప సామాన్ల అంగట్లో నట్లూ బోల్టులూ అమ్ముతూ, సాయంత్రాలు కంప్యూటర్ కోర్సు చదివి వచ్చినవాడు.

మా సాఫ్ట్‌వేరును కొన్నవాళ్ళ మెషీన్ మీదే బిల్డ్ చేసేవాళ్ళం, అంటే ముక్కలన్నీ కలిపి నడిచే ప్రోగ్రాముగా కట్టేవాళ్ళం. అంతకుముందు ఒక స్క్రిప్టు, అంటే తనిఖీ చేసే చిన్న ప్రోగ్రాము, నడవాలి. కావలసిన లైబ్రరీలు, అంటే వేరేవాళ్ళు రాసిపెట్టిన సరుకు, ఆ మెషీన్లో ఉన్నాయో లేవో అది ఒక్కొక్కటే వెతికి ‘ఎస్’ అనో ‘నో’ అనో తెర మీద రాస్తుంది. ఒక్కటి లేకున్నా అక్కడే ఆగిపోతుంది. దాన్ని రాసింది గురుమూర్తి. అది ఆగినప్పుడల్లా తిట్లు అతనికే. ఆఫీసులో అతని పేరు ‘లేదప్ప’.

అతని ఆరు నెలల ప్రొబేషన్ ముగిసే వారం అది. మేనేజరు అనిత ముందే చెప్పేసింది.

“కాడుగోడి సైట్ మండే క్లోజ్ అయిపోవాలి గురుమూర్తి గారూ. అయితే కన్ఫర్మేషన్ లెటర్. లేదంటే నా చేతుల్లో ఏమీ లేదు.”

కాడుగోడిలో హనుమక్కది పప్పుల గోదాము. సోమవారం ఆమె మా వెనకాలే నిలబడి తెర చూస్తూ ఉంది. స్క్రిప్టు పదకొండుసార్లు ‘ఎస్’ అని, బిల్లు ప్రింటు చేసే లైబ్రరీ దగ్గర ‘నో’ అంది.

“నో అంటే నాకూ తెలుసప్పా,” అంది హనుమక్క. “మా ఇంటాయన కూడా ఇట్లే. ఏమడిగినా లేదంటాడు.”

ఆ లైబ్రరీ ఉన్న సీడీ బండి పెట్టెలో ఉందేమోనని గురుమూర్తి బయటికి పోయాడు. అతను వచ్చేలోగా నేను అదే పేరుతో ఒక ఖాళీ ఫైలు తయారుచేసి, స్క్రిప్టు వెతికే చోట పెట్టాను. మళ్ళీ నడిపితే పన్నెండూ ‘ఎస్’. సీడీ దొరకక తిరిగొచ్చిన గురుమూర్తి తెర వైపు ఒకసారి చూసి, బిల్డ్ మొదలుపెట్టాడు.

నలభై నిమిషాలు నడిచింది. తెర మీద పరిగెత్తిన అక్షరాలను పరిస్తే మైసూరు దాకా వచ్చేవి. చివర్లో, ముక్కలన్నిటినీ కలిపే చోట కూలబడింది. గురుమూర్తి వెతుక్కుంటూ పోయి ఆ ఫైలు పట్టుకున్నాడు. సున్నా బైట్లు.

“నువ్వేనా పెట్టింది?”

“నీ లెటర్ కోసమే అన్నా.”

“నువ్వు పెట్టినావు, సరే. చూసి ఉండాదని చెప్పింది నా స్క్రిప్టు కదప్పా. మా మామ అంగట్లో డబ్బా మీద చీటీ చూసి నట్లు ఇయ్యం. ఒకటి తీసి బోల్టుకెక్కించి, తిరిగితేనే ఇస్తాం. ఇక్కడ నేను ఉత్త చీటీ చదివినాను.”

అక్కడే కూర్చుని స్క్రిప్టు మార్చాడు. ఇకమీదట అది పేరు చూసి ఊరుకోదు. ఆ లైబ్రరీతో పని చేయించే నాలుగు వరుసల ప్రోగ్రాము ఒకటి కట్టి నడిపి చూస్తుంది. నడిస్తేనే ‘ఎస్’. నా ఖాళీ ఫైలు ఉన్నచోటే ఉంది, స్క్రిప్టు ‘నో’ అంది. తర్వాత అతను హనుమక్క బల్ల మీది ఫోన్ తీసుకున్నాడు.

“మేడమ్, ఈ దినం కాదు. లైబ్రరీ లేకున్నా ఉండాదని చెప్పింది నా స్క్రిప్టు. సరిచేసినాను. రేపు సీడీ తెచ్చి బిల్డ్ చేస్తాం.”

నా పేరు ఎత్తలేదు. “నీ తప్పు నువ్వే చెప్పుకుంటివి కదప్పా,” అంది హనుమక్క.

ఇక ఆ ఫోన్లోనే అనిత ఆఫీసు మొత్తాన్ని లేపి చప్పట్లు కొట్టించింది. లెటర్ ప్రింటవుతున్న చప్పుడు గోదాములో కందిబస్తాల దాకా వినిపించింది.

ఇదంతా రాసి గురుమూర్తికి చదివి వినిపించాను. చివరిదాకా విన్నాడు.

“మేడమ్ ‘ఓకే’ అని ఫోన్ పెట్టేసినారప్పా. లెటర్ ఇయ్యలేదు. ఇంకో మూడు నెలలు చూస్తామన్నారు. ఉండినాను.”