పాము నోట్లో నిలబడ్డ పిల్ల

నిన్న గుంటూరు బ్రాడీపేటలో మా చెల్లెలి మనవరాలు ఫోను నా ముక్కు కింద పెట్టి, "అమ్మమ్మా, దిగులేస్తే ఇందులో చెప్పాలి. చెబితే నక్షత్రాలొస్తాయి. మా స్కూల్లో నేర్పారు" అంది. దిగులు సంగతి కూడా ఆటలో పెట్టి నేర్పొచ్చని మా బడికి చూపించిన మనిషి గుర్తొచ్చింది.

ఆవిడ మా డ్రిల్లు మేడమ్. ఒంగోలు వైపు పాస్టరుగారి కూతురు. ఈలకన్నా గొంతే పెద్దది. మిరపచేల మధ్య ఉన్న ఆ హైస్కూల్లో నేను సైన్సు చెప్పేదాన్ని. కల్లాల్లో కాయలు ఆరబోసే రోజుల్లో కిటికీ తెరిస్తే క్లాసంతా తుమ్ములే. కళ్లెర్రబడ్డ పిల్ల ఏడ్చిందో, ఘాటు తగిలిందో నాకు తెలిసేది కాదు. మేడమ్‌కి తెలిసేది. ఒక రోజు ఆవిడ మైదానం నిండా సున్నంతో వైకుంఠపాళి గీసి, పదో తరగతి పిల్లల్నే పావులు చేసింది. అట్టపెట్టే పాచిక. పాముల పక్కన 'నిద్ర పట్టకపోవడం', 'నేనెందుకూ పనికిరాననుకోవడం' అని, నిచ్చెనల పక్కన 'నమ్మినవాళ్లకు చెప్పుకోవడం' అని రాసింది. పాము నోట్లో పడితే తోకదాకా జారాలి.

ఆట మధ్యలో హెడ్మాస్టరుగారు వచ్చారు. "పబ్లిక్ పరీక్షలు నెత్తిమీదుంటే ఈ పిచ్చి పాఠాలేంటమ్మా? మన పిల్లలకి పిచ్చంటారు ఊళ్లో. చెరిపించండి."

"చెరపనండి" అంది మేడమ్.

అప్పుడే పాము నోట్లో పడ్డ ఒక పిల్ల, ఎప్పుడూ నోరెత్తనిది, గట్టిగా అంది: "మా నాన్న పోయిన కాడ్నుంచి నాకు నిద్ర పట్టట్లేదు సార్. గుండెనొప్పని చెప్పమన్నారు మావాళ్లు. గుండెనొప్పి కాదు, తనే ప్రాణం తీసుకున్నాడు. ఇప్పుడు చెప్పేశాగా, మళ్లీ కిందికెందుకు జారాలి? నేను దిగను."

మేడమ్ ఈల వేసి, "ఇకనుంచి చెప్పినవాళ్లు జారక్కర్లేదు" అని అప్పటికప్పుడే రూలు మార్చేసింది.

సాయంత్రం హెడ్మాస్టరుగారు నీళ్లు కొట్టించారు. పొద్దున్నే పిల్లలు మళ్లీ గీశారు. సున్నం బకెట్టు నేను పట్టుకున్నాను. మళ్లీ కొట్టించారు. మళ్లీ గీశాం. చివరికి ఆయనే విసిగి, "కనీసం 'నిచ్చెన'కి ఒత్తన్నా సరిగ్గా రాయండమ్మా!" అని వెళ్లిపోయారు.

మేడమ్ ఆ పిల్లనీ, వాళ్లమ్మనీ వెంటబెట్టుకుని గుంటూరులో డాక్టరుగారికి చూపించింది. మెల్లగా నిద్ర పట్టింది, పరీక్షా పాసైంది. ఇప్పుడు కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగం. నాన్న ఎలా పోయాడని అడిగినవాళ్లకు కళ్లలోకి చూసి మరీ చెబుతుంది. కాలమే అన్నీ మాన్పుతుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ ఇంట్లో కాలం, ఆ పిల్ల నోరు విప్పేదాకా కదల్లేదు.